హడ్సన్ ఒడ్డున మా ఊరు

మన సంఘం సభ్యుల్లో చాలామంది లాంగ్ ఐలండ్‌లోనో, న్యూజెర్సీలోనో ఉంటారు. పండగ కార్యక్రమాల్లో కలిసినప్పుడు "మీరెక్కడుంటారండీ?" అని అడిగితే "ఆసినింగ్" అంటాను. "అదెక్కడ?" అంటారు. "సింగ్ సింగ్ జైలు ఉంది చూడండి, అక్కడ" అనగానే గుర్తుపట్టి, ఓ నవ్వు నవ్వి, "ఎన్నేళ్ళు వేశారేమిటి?" అని అడిగినవారు కూడా ఉన్నారు. నేను పుట్టి పెరిగింది రాజమండ్రిలో. సెంట్రల్ జైలు పేరెత్తి వేళాకోళం చేసేవాళ్ళు చిన్నప్పటినుంచీ అలవాటే కనుక పెద్దగా పట్టించుకోను.

ఆసినింగ్ మన్‌హాటన్‌కి ఉత్తరంగా సుమారు ముప్ఫై మైళ్ళ దూరంలో, వెస్ట్‌చెస్టర్ కౌంటీలో, హడ్సన్ నది తూర్పు ఒడ్డున ఉంది. న్యూయార్కు రాష్ట్రంలో "విలేజ్" అంటే పల్లెటూరు అని అర్థం కాదు. అది స్థానిక పరిపాలనలో ఒక రకం. 2020 జనాభా లెక్కల్లో మా విలేజ్ జనాభా 27,551. మన వైపు చిన్న మునిసిపాలిటీ అనుకోండి. ఊరంతా కొండ మీదనుంచి నది దాకా ఏటవాలుగా దిగుతుంది. అట్టడుగున రైలు స్టేషను, దాని పక్కన రేవు, కాస్త దక్షిణంగా జైలు.

నేను చదివింది కాకినాడలో సివిల్ ఇంజనీరింగు. చేస్తున్నది మన్‌హాటన్‌లో కంప్యూటర్ ఉద్యోగం. మా ఆవిడ డాక్టరు. 2006లో ఇక్కడ ఇల్లు కొనుక్కోవడానికి కారణాలు రెండే: రైలు, పిల్లల చదువు. తెల్లవారుతూనే బండి ఎక్కడం, చీకటిపడ్డాక దిగడం. ఏడేళ్ళ కాపురం తరవాత కూడా ఈ ఊళ్ళో నాకు తెలిసినవి నాలుగే: స్టేషను పార్కింగు, పిల్లల బడి, పాలు దొరికే షాపు, మా ఇల్లు. ఇలాంటి ఊళ్ళని ఇక్కడివాళ్ళు పడకగది ఊళ్ళంటారు. నా విషయంలో ఆ మాట అక్షరాలా నిజం. రాజమండ్రి గురించి ఎవరైనా కదిపితే రాజరాజ నరేంద్రుడి దగ్గర మొదలుపెట్టి గంటసేపు చెప్పగలను. నా పిల్లలు పెరుగుతున్న ఊరు గురించి అడిగితే గంట కాదుగదా, నిమిషం కూడా చెప్పలేకపోయేవాణ్ణి. ఆ సంగతి నాకు తెలిసివచ్చింది 2013 వేసవిలో, మా నాన్నగారు వచ్చినప్పుడు.

నాన్నగారు నీటిపారుదల శాఖలో పనిచేసి ధవళేశ్వరంలో రిటైరయ్యారు. మా ఇంట్లో దేవుడి పటాల పక్కన కాటన్ దొర పటం ఉండేదంటే ఆయన ఎటువంటివారో మీకు అర్థమవుతుంది. అమెరికా వచ్చిన పెద్దవాళ్ళందరిలాగే ఆయనకీ పగలు తోచేది కాదు. పొద్దున్నే మా ఇంటి వెనకాల ఉన్న నడక దారిలో ఒంటరిగా వెళ్ళి వస్తూ ఉండేవారు. నాలుగో రోజో, ఐదో రోజో కాఫీ తాగుతూ, "ఒరే అబ్బాయ్, మీ ఇంటి వెనకాల కాలవ ఉందిరా" అన్నారు.

"కాలవేమిటి నాన్నగారూ, అది పార్కు దారి. సైకిళ్ళ మీద తిరుగుతుంటారు" అన్నాను.

"మీ ఊరంతా మెరకా పల్లమూ కదా. ఇదొక్కటే తాడు పట్టి గీసినట్టు సమంగా పోతోంది. పైగా మైలుకొకటి చొప్పున రాతి గొట్టం నిలబెట్టారు. అది గాలి కోసం. కింద నీళ్ళు పారే ఏర్పాటు లేకపోతే అదంతా ఎందుకురా? వాగు వచ్చిన చోట చూశావా, ఎంత పెద్ద కమాను కట్టారో! ఎవరు కట్టారు? ఎప్పుడు కట్టారు?"

నాకు తెలియదు. ఏడేళ్ళుగా ఆ దారిలో నడుస్తున్న సివిల్ ఇంజనీరుని నేను. డెబ్బై ఏళ్ళు దాటిన ఆయన వారం తిరక్కుండా కనిపెట్టేశారు.

ఆయన చెప్పినది అక్షరాలా నిజం. అది పాత క్రోటన్ జలమార్గం. న్యూయార్కు నగరానికి 1832లో కలరా వచ్చి వేలమంది చనిపోయారు. 1835 డిసెంబరులో గడ్డకట్టే చలిలో పెద్ద అగ్నిప్రమాదం జరిగి వ్యాపార కేంద్రం చాలాభాగం కాలిపోయింది. ఆర్పడానికి నీళ్ళు లేవు, ఉన్నవి గొట్టాల్లో గడ్డకట్టాయి. తాగడానికీ ఆర్పడానికీ మంచి నీళ్ళు లేకపోతే ఊరే మిగలదని తెలిసి, మాకు ఉత్తరాన ఉన్న క్రోటన్ నదికి ఆనకట్ట వేసి, 41 మైళ్ళు నీటిని నగరానికి తీసుకుపోవాలని సంకల్పించారు. 1837లో పని మొదలై 1842లో నీళ్ళు పారాయి. పంపు లేదు, ఇంజను లేదు. మైలుకి సుమారు పదమూడు అంగుళాల వాలు, అంతే. లోపల గుర్రపు నాడా ఆకారంలో ఇటుకల సొరంగం, ఎనిమిదిన్నర అడుగుల ఎత్తు. నాన్నగారి మాటల్లో చెప్పాలంటే "నీటికి తెలియకుండా నీటిని నడిపించడం".

ఈ పనికి ప్రధాన ఇంజనీరు జాన్ జెర్విస్. విశేషమేమిటంటే ఆయన కాలేజీ మొహం చూసినవాడు కాడు. ఎరీ కాలువ తవ్వేటప్పుడు సర్వే దారికి అడ్డొచ్చిన చెట్లు నరికే కూలీగా చేరి, పనిలోనే విద్య నేర్చుకుని ఇంతవాడయ్యాడు. మా ఊళ్ళో సింగ్ సింగ్ కిల్ అనే వాగు లోతైన లోయ చేసుకుని పారుతోంది. దాని మీదుగా జలమార్గాన్ని దాటించడానికి 88 అడుగుల రాతి కమాను కట్టాడు. ఆ కమాను కిందనే ఊరి రోడ్డు వంతెన ఇంకొకటి వాగు దాటుతుంది. వంతెన కింద వంతెన అన్నమాట. జంట కమాను అని ఊరివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

నీళ్ళు వదిలిన రోజు సంగతి నాన్నగారికి చదివి వినిపిస్తే పిల్లవాడిలా సంబరపడ్డారు. 1842 జూన్‌లో సొరంగంలోకి కొద్దిగా నీరు వదిలి, క్రోటన్ మెయిడ్ అనే చిన్న పడవలో నలుగురిని ఎక్కించి, ఆ చీకటి గొట్టంలో తేలుకుంటూ హార్లెం నది దాకా పంపించారట. ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైంది 1847లో. "అంటే కాటన్ గారికి ఐదేళ్ళు ముందు" అన్నాను. ఆయనకి అంతగా రుచించలేదు. "ఇది ఒక పట్నం దాహం తీర్చింది. అది జిల్లాలకి జిల్లాల కడుపు నింపింది. రెంటికీ పోలికేమిట్రా?" అని కొట్టిపారేశారు. కాటన్ గారి పక్షాన ఆయన ఎప్పుడూ ఓడిపోయిన వాదన లేదు.

1955 దాకా ఈ సొరంగం న్యూయార్కుకి నీళ్ళిచ్చింది. తరవాత 1968లో రాష్ట్ర ప్రభుత్వం 26 మైళ్ళ మేర భూమిని కొని నడకదారిగా మార్చింది. పై భాగాన్ని 1987లో మళ్ళీ తెరిచి మా ఊరి నీటి సరఫరాకి వాడుకోవడం మొదలుపెట్టారు.

మరి తవ్వింది ఎవరు? అప్పుడే పడవ దిగిన ఐరిష్ కూలీలు. మూడు నాలుగు వేలమంది, రోజుకి డాలరు లోపు కూలి. జెర్విస్ పేరు పుస్తకాల్లో ఉంది. వాళ్ళ పేర్లు లేవు. యాభై ఏళ్ళు తిరిగేసరికి న్యూయార్కుకి ఆ నీళ్ళు చాలక, 1892లో కొత్త క్రోటన్ ఆనకట్ట మొదలుపెట్టారు. అప్పటికి ఐరిష్ వాళ్ళు మేస్త్రీలయ్యారు. రాళ్ళు మోసే పని ఇటాలియన్లకి వచ్చింది. 1900లో వాళ్ళు కూలి పెంచమని సమ్మె చేస్తే, అప్పటి గవర్నరు థియోడర్ రూజ్వెల్ట్ సాయుధ దళాలను పంపించాడు. 1906లో ఆనకట్ట పూర్తయింది. 297 అడుగుల ఎత్తు. అప్పటికి అంతటి కట్టడం అరుదు. ఆదివారాలు మనవాళ్ళు చాలామంది పులిహోర డబ్బాలు పట్టుకుని పిక్నిక్కి వెళ్ళేది ఆ ఆనకట్ట కిందకే. అక్కడ సైన్యం కాపలా కాసిందని నాకు కూడా చాలాకాలం తెలియదు.

ఇక జైలు. నాన్నగారిని మొదటిసారి రైల్లో మన్‌హాటన్ తీసుకువెళ్ళిన రోజు, స్టేషను దాటిన నిమిషంలోనే ఆయన అద్దానికి మొహం ఆనించి చూస్తున్నారు. రెండు పక్కలా ఎత్తైన గోడలు, కాపలా బురుజులు. "ఇదేమిట్రా, జైలు మధ్యలోంచి పోతోంది మన బండి!" అన్నారు. నిజమే. హడ్సన్ రైలు మార్గం 1849లో ఈ మీదుగా వేశారు; జైలు ఆవరణని రెండుగా చీలుస్తూ ఇప్పటికీ రోజూ బండ్లు నడుస్తాయి. ఏడేళ్ళలో ఎన్ని వేలసార్లు ఆ గోడల మధ్యనుంచి వెళ్ళి ఉంటాను! ఒక్కసారి కూడా చేతిలో ఫోను మీదనుంచి తల ఎత్తలేదు.

1825 మే నెలలో ఎలాం లిండ్స్ అనే అధికారి ఆబర్న్ జైలునుంచి వందమంది ఖైదీలను పడవల మీద తీసుకొచ్చి ఈ ఒడ్డున దింపాడు. చుట్టూ గోడ లేదు, తల దాచుకోవడానికి కప్పు లేదు. వాళ్ళు ఉండబోయే జైలుని వాళ్ళచేతే కట్టించాడు. 1828కి ఎనిమిది వందల గదులు సిద్ధమయ్యాయి. ఒక్కొక్క గది ఏడడుగుల పొడుగు, మూడు అడుగుల మూడు అంగుళాల వెడల్పు. ఆ కొలతతో నేల మీద సుద్ద గీత గీసి మధ్యలో నిలబడి చూడండి. నేను మా గరాజులో గీసి చూశాను. చేతులు బార్లా చాపడానికి వీల్లేదు. ఖైదీలు ఒకరితో ఒకరు మాట్లాడకూడదు, కళ్ళు కలపకూడదు, తప్పితే కొరడా. 1831లో ఫ్రాన్సునుంచి వచ్చిన టోక్విల్, బోమాంట్ ఈ జైలుని చూసి, సుమారు 900 మంది ఖైదీలను 30 మంది మాత్రమే కాపలా కాయడం చూసి విస్తుపోయారు.

ఇక్కడే ఎందుకు కట్టారంటే, కొండలో పాలరాయి ఉంది, ఒడ్డునే పడవలున్నాయి. ఖైదీలు కొట్టిన రాయి నగరానికి చవగ్గా అమ్ముడుపోయింది. 1834లో న్యూయార్కు యూనివర్సిటీ కొత్త భవనానికి ఈ రాయి కొన్నప్పుడు నగరంలోని రాతిపనివాళ్ళు మా పొట్ట కొడుతున్నారని వీధిన పడి అల్లరి చేశారు. మన పిల్లలు ఎందరో చదివిన ఆ విద్యాలయం మొదటి భవనం కథలో మా ఊరి ఖైదీల చెమట కూడా ఉందన్నమాట. న్యూయార్కు వీధి భాషలో జైలుకి పంపారనడానికి "నది పైకి పంపారు" అంటారు. నది పైన ఉన్నది మేమే.

1891నుంచి 1963 దాకా ఇక్కడి విద్యుత్ కుర్చీలో 614 మంది ప్రాణాలు తీశారు. రోజెన్‌బర్గ్ దంపతులకి 1953 జూన్ 19న మరణశిక్ష అమలు చేసింది కూడా ఇక్కడే. దీన్ని గురించి ఇంకా వ్రాయడం పండగ సంచికకి తగదు కనుక ఆపుతాను. ఒక్క విషయం మాత్రం చెప్పాలి. 1994లో ఖైదీల కాలేజీ చదువుకిచ్చే ప్రభుత్వ సహాయాన్ని రద్దు చేశారు. అప్పుడు ఈ జైల్లోని ఖైదీలే పూనుకుని, బయటివారి సాయం కూడగట్టి, 1998లో చదువుని తిరిగి నిలబెట్టుకున్నారు. చదువు కోసం సముద్రాలు దాటి వచ్చిన మనకి, గోడ అవతల చదువు కోసం అంత పట్టుపట్టినవాళ్ళున్నారని తెలియకపోవడం నాకు వింతగా తోస్తుంది.

ఊరి పేరు కథ ఇంకా తమాషాగా ఉంటుంది. ఈ ఒడ్డున మొదట ఉన్నవాళ్ళు సింట్ సింక్ అనే ఆదివాసులు. రాయి మీద రాయి అనే అర్థం చెబుతారు. 1685లో ఫ్రెడరిక్ ఫిలిప్స్ అనే జమీందారు వాళ్ళ దగ్గర ఈ నేల కొన్నాడు. మనుషులు వెళ్ళిపోయారు, పేరు మిగిలింది. 1813లో సింగ్ సింగ్ అనే పేరుతోనే విలేజ్ ఏర్పడింది. జైలు వచ్చాక దానికీ అదే పేరు. కొన్నాళ్ళకి సింగ్ సింగ్ అంటే లోకానికి ఊరు గుర్తుకు రావడం మానేసి జైలే గుర్తుకు రావడం మొదలైంది. ఊళ్ళో తయారైన సరుకుని కూడా ఖైదీల సరుకనుకుని కొనేవారు కాదు. చివరికి 1901లో విలేజ్ పేరును ఆసినింగ్‌గా మార్చుకున్నారు. అదీ ఆ ఆదివాసుల మాటనుంచి వచ్చినదే, కొద్దిగా సాగదీశారు, అంతే.

కథ అక్కడితో అయిపోలేదు. 1970లో ప్రభుత్వం జైలు పేరు కూడా ఆసినింగ్ అని మార్చింది! పేరు వదిలించుకోవడానికి ఊరు పడ్డ పాట్లన్నీ వృథా. మళ్ళీ 1985లో జైలుకి సింగ్ సింగ్ అనే పేరు తిరిగి వచ్చింది. 2015లో మన రాజమండ్రిని రాజమహేంద్రవరం చేసినప్పుడు ఫోనులో నాన్నగారికి ఈ సంగతి చెప్పాను. "పేరు మారిస్తే ఉత్తరాలు ఆలస్యంగా వస్తాయి, అంతకుమించి ఏమీ అవదు" అన్నారు. మా అబ్బాయి అప్పటికి బడిలో తన పేరు సగానికి కత్తిరించుకుని ఉన్నాడు. ఆ మాట మాత్రం ఆయనకి చెప్పలేదు.

మా ఆవిడకి ఆసక్తి కలిగించిన చరిత్ర వేరు. బెంజమిన్ బ్రాండ్రెత్ అనే ఇంగ్లీషువాడు 1835లో న్యూయార్కు వచ్చి, కొద్దికాలానికే మా ఊరి నది ఒడ్డున మాత్రల ఫ్యాక్టరీ పెట్టాడు. సర్వరోగ నివారిణి అని ప్రచారం. అందులో ఉన్నది ముసాంబరం వగైరా విరేచనాల దినుసులు. ఏ జబ్బైనా నెత్తురు చెడిపోవడం వల్లనే వస్తుందని, పొట్ట ఖాళీ చేస్తే నయమవుతుందని సిద్ధాంతం. పత్రికల్లో విపరీతంగా ప్రకటనలు గుప్పించి అమెరికా అంతటా అమ్మి కోటీశ్వరుడయ్యాడు, రాష్ట్ర సెనేటరు కూడా అయ్యాడు. "ఇప్పుడు టీవీలో చూపించే మందులకంటే ఏం తక్కువ!" అంటుంది మా ఆవిడ.

ఆమే ఇంకో మాట కూడా గుర్తుచేసింది. నదికి అవతలి గట్టున, రాక్‌లండ్ కౌంటీలో పెరల్ రివర్ అనే ఊరుంది. మా ఇంటినుంచి కారులో అరగంట ప్రయాణం. అక్కడి లెడర్లీ ప్రయోగశాలలో 1940నుంచి పనిచేసినవారు యల్లాప్రగడ సుబ్బారావు గారు. భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో బడికి వెళ్ళిన మనిషి. ఫోలిక్ ఆమ్లం, ఆరియోమైసిన్, బోదకాలుకి వాడే హెట్రజాన్, పిల్లల రక్త క్యాన్సరు మీద మొదటగా పనిచేసిన అమినోప్టెరిన్, ఇవన్నీ ఆయన ఆధ్వర్యంలో వచ్చినవే. 1948 ఆగస్టులో నిద్రలోనే పోయారు. భారతీయులకి పౌరసత్వం ఇవ్వడానికి అమెరికా చట్టం ఒప్పుకున్నది 1946లో. ఆయన ఆ పౌరసత్వం తీసుకోకుండానే వెళ్ళిపోయారు. ఈ గట్టున విరేచనాల మాత్రలు అమ్మి మేడలు కట్టినవాడు, ఆ గట్టున నిజమైన మందులు కనిపెట్టి పేరు కూడా పైకి రాని మన గోదావరి వాడు. వందేళ్ళ తేడాతో, ఒకే నదికి ఇరువైపులా. నాన్నగారు పెరల్ రివర్ చూడాలన్నారు. తీసుకువెళ్ళాను. అక్కడ కారు దిగి, మాట్లాడకుండా ఓ పది నిమిషాలు నిలబడి, వెనక్కి వచ్చి కూర్చున్నారు.

ఇప్పుడు మా ఊళ్ళో ఉన్నదెవరు? ఐరిష్, ఇటాలియన్ కుటుంబాలు ఇంకా ఉన్నాయి. తరతరాలుగా ఇక్కడే ఉన్న నల్లజాతి కుటుంబాలున్నాయి. పోర్చుగీసువాళ్ళు, డొమినికన్లు, అందరికంటే ఎక్కువగా ఈక్వడార్ కొండల్లో ఉన్న కుయెంకా ప్రాంతంనుంచి వచ్చినవాళ్ళు. మెయిన్ స్ట్రీట్‌లో నడిస్తే ఇంగ్లీషు కంటే స్పానిష్ ఎక్కువ వినిపిస్తుంది. పొద్దున్న మేము రైలెక్కి నగరానికి వెళ్ళే వేళకి వాళ్ళు మా ఇళ్ళ పచ్చిక కోయడానికీ, కప్పులు వేయడానికీ కొండ ఎక్కుతుంటారు. మన తెలుగు కుటుంబాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

పిల్లల చదువు సంగతి చెప్పాలి. ఇక్కడ పేటకొక బడి లేదు. ఒక తరగతి పిల్లలందరూ, ఏ పేటవాళ్ళైనా సరే, ఒకే బడికి వెళతారు. నది చూసే పెద్ద ఇంటి పిల్లాడూ, అద్దె గదిలో ఉండే పిల్లాడూ ఒకే బల్ల మీద కూర్చుంటారు. మనవాళ్ళు కొందరు ఇల్లు కొనేముందు బడి మార్కుల పట్టిక చూసి, మా ఊరొద్దని పక్క ఊళ్ళకి వెళ్ళిపోయారు. మా హైస్కూలు విజ్ఞాన పరిశోధన విభాగంనుంచి ఏటా జాతీయ పోటీలకి పిల్లలు ఎంపికవుతారని తెలిస్తే వాళ్ళేమనేవారో! మా అమ్మాయికి అంగన్వాడీ వయసునుంచీ ప్రాణ స్నేహితురాలు ఈక్వడార్ పిల్ల. వాళ్ళమ్మ చేసే మొక్కజొన్న పొత్తిట్లు మన జొన్నపొత్తుల కంటే బాగుంటాయని మా ఇంట్లో ఇప్పటికీ తగువు.

అంతా కలిసిమెలిసి ఉన్నామని వ్రాసి ఊరుకుంటే అబద్ధమవుతుంది. రేవు పక్కన పాత ఫ్యాక్టరీలు పోయి, నది కనిపించే ఖరీదైన అపార్టుమెంట్లు లేచాయి. నాలాంటి రైలు ప్రయాణికుల కోసమే అవి. అద్దెలు పెరిగాయి. 2018లో విలేజ్ బోర్డు అద్దెల పెంపుకి పగ్గం వేసే రాష్ట్ర చట్టాన్ని స్వీకరించింది, ఆ తరవాత దాని పరిధి తగ్గించింది. దాని మీద జరిగిన సభల్లో ఊరు రెండుగా చీలి వాదించుకుంది. నేను ఒక్క సభకీ వెళ్ళలేదు. ఆఫీసు పని అని సాకు. మా పక్కింటి వయోవృద్ధురాలు మాత్రం చేతికర్ర పట్టుకుని వెళ్ళింది.

ఇక చివరిగా చేప కథ. గోదావరి జిల్లాల వాళ్ళకి చేప లేకుండా నది కథ చెప్పలేం.

"పుస్తెలమ్మైనా పులస తినాలి" అన్న మాట మనకి తెలిసినదే. సముద్రంలో ఉన్నంతకాలం విలస, వరదనీటికి ఎదురీది గోదారిలోకి వచ్చాక పులస. హడ్సన్‌లో దానికి దాయాది ఒకటుంది, పేరు షాడ్. అదే కుటుంబం, అదే వెండి పొలుసులు, అవే లెక్కలేనన్ని ముళ్ళు. ఇది వసంతకాలంలో సముద్రంనుంచి నదిలోకి ఎదురీది గుడ్లు పెడుతుంది. శాస్త్రజ్ఞులు దానికి పెట్టిన లాటిన్ పేరుకే మహా రుచికరమైనదని అర్థం.

మా ఊళ్ళో ఈ చేప అనగానే చెప్పుకునే పేరు హెన్రీ గోర్డైన్. నల్లజాతి మనిషి. 1903లో పక్కనే ఉన్న క్రోటన్ పాయింట్‌లో పుట్టి, యువకుడిగా ఉన్నప్పటినుంచి ఈ నది మీద వలవేసి బతికాడు. పడవలు తానే కట్టుకునేవాడు, వలలు తానే అల్లుకునేవాడు, ఆ విద్యలు అడిగినవాళ్ళకల్లా నేర్పేవాడు. 1947నుంచి 1977 దాకా ఎగువన జనరల్ ఎలక్ట్రిక్ ఫ్యాక్టరీలు పిసిబి అనే రసాయనాన్ని నదిలోకి వదిలాయి. 1976లో రాష్ట్రం హడ్సన్‌లో చాలా చేపల వేటని నిషేధించింది. ఎక్కువకాలం సముద్రంలో గడుపుతుంది కనుక షాడ్‌లో విషం తక్కువ. దానికొక్కదానికి మినహాయింపు ఇచ్చారు. కానీ చేపలే తగ్గిపోయాయి. గోర్డైన్ 1997లో చనిపోయాడు. 2010లో షాడ్ వేట కూడా మూసేశారు. ఇప్పుడు రేవు పక్కన ఆయన పేరుతో ఒక పార్కు ఉంది. సాయంత్రాలు పిల్లలు అక్కడ ఆడుకుంటారు, ఈక్వడార్ కుటుంబాలు నీళ్ళలోకి గాలం వేసి కూర్చుంటాయి.

ఇదంతా వివరించి, "మూడేళ్ళ క్రితం వచ్చి ఉంటే తినేవారు" అన్నాను. నాన్నగారు చాలాసేపు ఆలోచించి, "బెండకాయలు వేసి పులుసు పెట్టుకునేవాళ్ళేనా, వీళ్ళు?" అని అడిగారు. కాదు, కాల్చుకుని, గుడ్లు వెన్నలో వేయించుకుని తినేవారని చెప్పాను. "అయితే పోయినా పెద్ద నష్టం లేదు" అన్నారు గానీ, మొహంలో నష్టం కనిపించింది. ధవళేశ్వరం ఆనకట్ట పులసకి అడ్డుపడిందని జాలర్లు ఎన్నోసార్లు ఆయనతోనే వాదించారు. కాటన్ గారి మీద ఈగ వాలనివ్వని ఆయన, ఆ ఒక్క విషయంలో మాత్రం ఎప్పుడూ మాట్లాడేవారు కాదు.

నాన్నగారు 2019లో పోయారు. ఆ వేసవి తరవాత మళ్ళీ ఇక్కడికి రాలేదు. ఆయన వెళ్ళే ముందు వారంలో ఒకరోజు సెలవు పెట్టి ఆయన్ని ఫెర్రీ ఎక్కించాను. 2000లో మొదలైన ఆ ఫెర్రీ అవతలి గట్టు హావర్‌స్ట్రానుంచి రైలు ప్రయాణికులను మా రేవుకి చేరవేస్తూ ఉండేది. మా దగ్గర హడ్సన్ బాగా వెడల్పు. హావర్‌స్ట్రా దగ్గర మూడు మైళ్ళు దాటుతుంది. నది మధ్యకి వచ్చాక ఆయన కటకటా పట్టుకుని నిలబడి, "గోదారంత ఉందిరా" అన్నారు. అంత మాట ఆయన నోట వినడం అదే మొదలు. రైల్లో వెళ్ళినప్పుడు నదిలో వేద్దామని జేబులోంచి డబ్బులు తీశారట. కిటికీలు తెరుచుకోవని తెలిసి మళ్ళీ జేబులో పెట్టేసుకున్నారట. ఇప్పుడు ఆ క్వార్టరు బయటికి తీసి, కళ్ళకద్దుకుని నీళ్ళలోకి విసిరారు.

తరవాత కిందకి వంగి అలాగే చూస్తున్నారు. నీటిమీద ఒక ఆకు తేలుతూ పోతోంది. "ఒరే, సముద్రం అటు కదా?" అని దక్షిణం వైపు చూపించారు. అవునన్నాను. "మరి నది ఇటు పారుతోందేమిట్రా?"

పోటు వేళ సముద్రపు నీరు ఈ నదిలోకి నూట యాభై మైళ్ళ దాకా, ట్రాయ్ వరకూ ఎక్కుతుందని, ఇక్కడి ఆదివాసులు దీన్ని రెండువైపులా పారే నది అని పిలిచేవారని చెప్పాను. ఆనకట్టల మీద జీవితం గడిపిన మనిషి. కాసేపు ఆ ఆకు కనుమరుగయ్యేదాకా చూశారు.

"అయితే నా పావలా ఎటు పోతుందిరా?" అన్నారు.

"ఎటూ పోదు నాన్నగారూ. అది ఇక్కడే ఉంటుంది" అన్నాను.